ఎడమ చక్రం బిగించినవాడు

మొన్న శుక్రవారం మధురానగర్ సందులో ఒక మెకానిక్ నా పికప్ బండి ముందరి ఎడమ చక్రానికి ఐదో నట్టు గాలి గన్నుతో బిగించేసి, చేతులు తుడుచుకుంటూ పక్కనున్న ఆటో కిందికి దూరబోతుంటే, అతన్ని ఆపి ఒక్కమాట అడిగాను. నాతోపాటు ముందు సీట్లో కూచుని పంజాగుట్ట దాకా వచ్చి పోతావా అని. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "గన్నుతోని కొట్టిన అంకుల్, ఇగ ఊడదు. ఫికర్ చెయ్యకు" అని ఆటో కిందికి పోయాడు. నాకు కోపం నషాళానికంటింది. నిజం చెప్పాలంటే ఆ కోపంలో సగమే అతని మీద, మిగతా సగం నలభై ఏళ్లు దాటినది. మన ఈడు వాళ్లయితే ఓపిగ్గా వింటారని రాస్తున్నాను.

ముందు ఈ పది రోజుల గోస చెప్పనివ్వండి. నాకు కుర్చీలు, షామియానాలు కిరాయికిచ్చే చిన్న వ్యాపారం ఉంది. వయసు మీదపడ్డా బండి నేనే నడుపుతాను, అందుకు ఇంట్లో రోజూ చీవాట్లు తింటూనే ఉంటాను. ఆ మధ్య అమీర్‌పేటలో ఒక దుకాణంలో ముందు టైర్లు రెండూ మార్పించాను. చక్రాన్ని పట్టుకోవడానికి హబ్బులోంచి బయటికి పొడుచుకొచ్చే బోల్టులు ఐదుంటాయి, వాటినే స్టడ్డులంటాం. వాటి మీద నట్టును మొదట వేళ్లతో రెండు చుట్లు తిప్పి, సాఫీగా ఎక్కుతున్నదో లేదో చూసుకుని, ఆ తర్వాతే పానా పెట్టాలి. ఆ దుకాణంలో వేళ్లకు పనే లేదు, నట్టును గన్ను మూతిలో పెట్టి టకటకా కొట్టేయడమే. వంకరగా ఎక్కిన నట్లు స్టడ్డుల మీది మరలను నమిలేశాయి. నాలుగు రోజులకు పంజాగుట్ట ఫ్లైఓవరు దిగుతుంటే స్టీరింగు చేతుల్లో వణికింది. పక్కకు ఆపి చూద్దును గదా, ఎడమ చక్రానికి ఒక నట్టు వేలితో తిప్పితే గిర్రున తిరుగుతోంది, ఇంకో రెండు సగం దారిలో ఇరుక్కుని అటూ పోవు, ఇటూ రావు.

అక్కణ్ణుంచి మొదలైంది నా తిరుగుడు. దుకాణంవాళ్లేమో బండి వచ్చేటప్పటికే అవి అట్లా ఉన్నాయన్నారు. విడిభాగాలమ్మే ఆయన, మూడు స్టడ్డులు విడిగా దొరకవు, హబ్బు మొత్తం కొనుక్కో అన్నాడు, గోటితో పోయేదానికి గొడ్డలి చేతికిచ్చినట్టు. పెద్ద సర్వీసు సెంటరుకు పోతే మనిషితో మాట్లాడేది లేదు, ఫోనులో యాప్ దింపుకుని తేదీ తీసుకోమన్నారు. ఇంత కళ్లజోడు పెట్టుకుని అన్నీ నింపితే ఎనిమిది రోజుల తర్వాతి తేదీ వచ్చింది. ఇక అమీర్‌పేటలో బండి ఆపి ఎవరినైనా అడుగుదామంటే ఆపే చోటేదీ? మెట్రో స్తంభాల కింద ఆటోలు, కోచింగు సెంటర్ల బోర్డుల కింద బైకులు, ఆ బైకుల మధ్య మిర్చి బజ్జీల బండ్లు, మనం నిమిషం ఆగితే మాత్రం వెనకనుంచి పోలీసు ఈల. చివరికి రాణిగంజ్ పోయి, కాళ్లరిగేలా గల్లీలన్నీ తిరిగి స్టడ్డులు నేనే తెచ్చుకున్నాను. శుక్రవారం వాటిని మధురానగర్ సందులోని ఆ మెకానిక్‌తో వేయించాను.

అంత తొందరెందుకంటే, ఆదివారం నాటికి మా బావ పోయి రెండేళ్లు. మాసబ్ ట్యాంక్ వైపున్న చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. కుర్చీలు నా బండిలోనే పోవాలి. మా అక్క నా పక్క సీట్లో, సరిగ్గా ఆ ఎడమ చక్రం పైన కూచుని రావాలి. లోకంలో ఎవరిని ఏ చక్రం మీద కూచోబెట్టినా సరే, మా అక్కను మాత్రం పాడైన ఎడమ చక్రం మీద కూచోబెట్టే ధైర్యం నాకు లేదు. ఎందుకో చెబుతాను.

మా బావ మెకానిక్. అమీర్‌పేట వెనక సందులో రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని రెండు గదుల ఇల్లు. అప్పటికి అమీర్‌పేటలో ఇన్ని అంతస్తులు లేవు, సాయంత్రమైతే బర్రెలు మా షెడ్డు ముందునుంచే ఇంటికి పోయేవి, అవి పోయేదాకా ఎంత పెద్ద బండైనా ఆగాల్సిందే. ఊళ్లో సేద్యం గిట్టుబాటు కాక ఇరవై నాలుగేళ్ల వయసులో నేను పట్నం వచ్చి బావ పంచన చేరాను. బావకొక పాత పికప్ ఉండేది, దానిలో హాస్టళ్లకు ఇనుప మంచాలు చేరవేయడం నా పని. ఆ బండి తాళంచెవి జేబులో ఉన్నంతసేపు నేను భూమ్మీద నడిచేవాణ్ణి కాదు.

షెడ్డులో బావది ఒకటే చట్టం. చక్రం ఎవడు బిగిస్తే వాడు ఆ బండి ముందు సీట్లో కూచోవాలి. పంజాగుట్ట చౌరస్తా దాకా పోయి, అక్కడి ఇరానీ హోటల్లో చాయ్ తాగి, చక్రం మీది గుండ్రటి ఇనుప టోపీ ఊడదీసి, నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగించి, అప్పుడే గిరాకీకి బండి అప్పజెప్పాలి. కొత్తగా వేసిన చక్రం నాలుగు గుంతలు చూసి వచ్చాక ఏదో ఒక నట్టు పావు చుట్టు కదలక మానదు. బిగించినోని పానం సుత అదే బండ్లె ఉంటే చెయ్యి సక్కగ పనిచేస్తది అనేవాడు బావ. చాయ్ కోసం ఇదొక సాకని గిరాకీలు ఆటపట్టించేవాళ్లు, కానీ బావ చేతి చక్రం ఊడిందన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఆ కాలపు బండికి ఇంకో తిరకాసు ఉండేది. కుడి చక్రాలకు మామూలు మర, ఎడమ చక్రాలకు ఉల్టా మర. కుడి వైపున విప్పడానికి ఎటు తిప్పుతామో, ఎడమ వైపున అటు తిప్పితే బిగుసుకుంటుంది. షెడ్డులో చేరిన మొదటి రోజే బావ నాకు ఇది నేర్పాడు.

ఒకనాడు మధ్యాహ్నం బావ బయటికి పోయినప్పుడు ఆ పికప్ ముందరి ఎడమ చక్రం పంచరైంది. అంతకు రెండు రోజుల ముందే నేను బ్రేకు పనిలో ఒక తప్పు చేస్తే, నలుగురి ముందు బావ తాళంచెవి లాక్కుని, ఇంకోసారైతే ఇది నీకు దొరకదని చెప్పి తిరిగిచ్చాడు. ఆ మంట నా కడుపులో ఉంది. ఆయన వచ్చేలోపు చక్రం మార్చి చూపించాలన్న తొందరలో, తెలిసిన ఉల్టా మర సంగతే మరిచాను. నట్లు రాకపోతే తుప్పనుకున్నాను. పానా మీదికెక్కి ఎగిరాను. ఒక స్టడ్డు ఫట్‌మని విరిగింది, రెండింటి మరలు చెడిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, చేతులు కాలాక.

చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. స్టెప్నీ ఎక్కించి, బాగున్న రెండు స్టడ్డులకు నట్లు గట్టిగా బిగించి, చెడిన రెండింటికి ఎక్కినంత మేర ఎక్కించి, మీద టోపీ కొట్టి మూసేశాను. బావ వచ్చి, మంచాలు లక్డీకాపూల్ పోవాలి, చక్రం ఎవరు బిగించారని అడిగాడు. నేనేనన్నాను. అయితే ఎక్కు, బండి నేను తోలుతానన్నాడు. ఎక్కితే చాయ్ తర్వాత టోపీ ఊడదీస్తాడు, నా బండారం బయటపడుతుంది, తాళంచెవి పోతుంది. కడుపునొప్పి అని బొంకాను. బావ నమ్మాడు. నాకు వాము నీళ్లు కాచివ్వమని అక్కకు చెప్పి మరీ బండెక్కాడు.

చక్రం చాయ్ దాకా ఆగలేదు. చౌరస్తా ఇంకా రాకముందే ఊడిపోయింది. బండి ముక్కు నేలకు ఆని, రోడ్డు పక్కనున్న దిమ్మెకు గుద్దుకుంది, ముందరి రేకు బావ మోకాల్లో దిగింది. ఆ సమయానికి నేను అరుగు మీద కూచుని వాము నీళ్లు తాగుతున్నాను. బావ పక్కన కూచుని ఉంటే మొదటి చప్పుడుకే బండి ఆపమని అరిచి ఉండేవాణ్ణి. ఆస్పత్రి వరండాలో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చక్రం ఎవరు బిగించారని అక్క అడిగితే, నేనే బిగించిన, చూసుకోలే అన్నాడు బావ, నా వైపు చూడకుండా. ఆ మోకాలు మళ్లీ వంగలేదు. మెకానిక్ సొంత బండి చక్రమే ఊడిందట అని పేటంతా పాకింది, సగం గిరాకీలు మా షెడ్డు దారి మరిచారు.

రెండు నెలలకు బావ కర్ర పట్టుకుని షెడ్డుకు వచ్చి, నూనె డబ్బా మీద కూచుని, మూడు కొత్త స్టడ్డులు నా ముందు పెట్టాడు. పాతవాటిని సుత్తితో వెనక్కి కొట్టించి తీయించాడు. కొత్తవాటిని వెనకనుంచి దూర్పించి, వాటి మెడ మీది గీట్లు హబ్బు రంధ్రాల్లో కుదురుగా కూచున్నాయో లేదో వేలితో తడిమి చూసి, ముందునుంచి వాషర్లు వేయించి, నట్టుతో మెల్లగా లోపలికి లాగించాడు. చక్రం ఎక్కించి చివరి నట్టు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. "ఎటు తిప్పాలె బామ్మర్దీ?" అన్నాడు. చెప్పాను. ఇద్దరం పంజాగుట్ట పోయి చాయ్ తాగి వచ్చాం. ఆయన బతికినన్నాళ్లూ ఆ సంగతి మీద అంతకు మించి ఒక్క మాట అనలేదు, తాళంచెవి కూడా నా దగ్గరే ఉంచాడు. నన్ను పట్టుకుని నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ విసుక్కుంటాను.

అందుకే మొన్న ఆ మెకానిక్ మీద అరవబోయి నోరు మూసుకున్నాను. ముందు సీట్లో కూచోమని ఇంకొకరిని నిలదీసే మొహమా నాది? అంతలో అక్క వచ్చింది. ఆమె ఇల్లు ఆ సందు చివరే, బండి ఆదివారానికి తయారవుతుందో లేదో చూసిపోదామని వచ్చింది. సంగతి విని, నేను వద్దంటున్నా వినకుండా తలుపు తీసి ఎడమ సీట్లో ఎక్కి కూచుంది. ఎవ్వరు కూసోకపోతె నేను కూసుంట, మీ బావ కానూను గిదే గదా అంది.

నా బతుకులో అంత మెల్లగా బండి ఎన్నడూ నడపలేదు. వెనక హారన్లు, పక్కనుంచి తిట్లు, అన్నీ పడ్డాను. పంజాగుట్టలో ఆ ఇరానీ హోటల్ ఉన్న చోట ఇప్పుడు ఫోన్ల దుకాణం. కాగితం కప్పుల్లో చాయ్ తెచ్చి అక్కకొకటి ఇచ్చి, సీటు కిందున్న బావ పానా తీసి చక్రం దగ్గర కూచున్నాను. నాలుగు నట్లు కదల్లేదు. ఐదోది పావు చుట్టు తిరిగింది.

కదిలిందా అని అక్క పైనుంచి అడిగింది. కదిలిందన్నాను. ఆనాడు మీ బావ సుత గిట్ల చూసుకుంటె కాలు దక్కుతుండె అంది. కొత్త మాటేం కాదు. బావ మెట్లెక్కలేక నిలబడినప్పుడల్లా, చర్చిలో మోకరించలేక బల్ల మీదే ఉండిపోయినప్పుడల్లా అక్క ఆయన్ను అదే మాట అనేది, ఆయన నవ్వి ఊరుకునేవాడు, నేను తల దించుకునేవాణ్ణి. ఈసారి ఆ నట్టు మీద చెయ్యి ఇంకా ఉండగానే నోరు పెగిలింది. బావ కాదక్కా, ఆ చక్రం నేను బిగించిన అన్నాను. విరిగిన స్టడ్డు, టోపీ, కడుపునొప్పి, అన్నీ చెప్పాను.

అక్క ఏడవలేదు. చాయ్ కప్పు పక్కన పెట్టింది. "గిన్నేండ్లు నాతోని ఆయన్ను తిట్టిపించినవు గదరా తమ్మీ" అంది.

ఆదివారం కూడికకు నా బండిలోనే వచ్చింది, ఆ సీట్లోనే కూచుంది, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు నా బండికి ఎడమకూ కుడికీ ఒకటే మర, ఎటు తిప్పాలో గుర్తుపెట్టుకునే పని లేదు. గన్ను రెండు క్షణాల్లో బిగిస్తుంది, బిగించింది ఎవరని అడిగేవాళ్లు లేరు, అడిగినా వచ్చి పక్కన కూచునేవాళ్లు లేరు. నాకు అడిగే మనిషి ఉండేవాడు. ఎక్కి కూచోమని ఆయన పిలిచిన ఆ ఒక్క రోజు నేను ఎక్కలేదు.