ఎర్రగానే ఉండిపోయిన రాగిరేకు

నా చిన్నప్పుడు మా గిద్దలూరు వైపంతా కర్నూలు జిల్లా, మమ్మల్ని ఏలేది మద్రాసు. నాయనకు చిన్న గొర్రెల మంద, కాస్త మెట్ట చేను ఉండేవి. వాళ్లకు నేనొక్కదాన్నే. నా తర్వాత ఇద్దరు కడుపులోనే పోయారు. ఆ దిగులు అమ్మను ఎంత తినేసిందో పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. మగపిల్లవాడు నిలుస్తాడని ఒక నాటువైద్యుడు పాదరసంతో చేసిన భస్మం ఇచ్చాడు. అమ్మ దాన్ని రోజూ పొద్దున్నే తేనెలో కలిపి, కళ్లకద్దుకుని మింగేది.

మూడు నెలలకు అమ్మ చిగుళ్ల నుంచి నెత్తురు రావడం మొదలైంది. నోట్లో నీళ్లు ఆగేవి కావు. జొన్నరొట్టె తడుతుంటే చేతులు వణికి రొట్టె చిరిగిపోయేది. "రొట్టె చెయ్యడం మర్చిపోయినావా ఏంది" అని నాయన మొదట్లో నవ్వాడు. మొహం వాచాక నవ్వడం మానేసి, మా ఇద్దరినీ రైలెక్కించి కంభంలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ పరీక్షలు చేసే నర్సును అందరూ అక్కా అనేవారు. ఆమె నాయనకు పలుచటి రాగిరేకు ముక్క ఒకటి చూపించింది.

"అమ్మ మూత్రంలో యాసిడ్ పోసి, ఇది వేసి కాగబెడతామన్నా. పాదరసముంటే రేకు వెండి మాదిరి తెల్లగా అవుతాది. ఏదెట్లున్నా ఆ భస్మం మాన్పించు."

"తెల్లబడితే మాన్పిస్తా. ఊరికే మధ్యలో ఆపితే ఫలితం పోతాదని ఆ వైద్యుడు చెప్పినాడు" అన్నాడు నాయన.

అక్క అమ్మ చేతికి సీసా ఇచ్చింది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు దొడ్డి వైపు వెళ్తున్న సంగతి కూడా మగవాళ్ల చెవిన పడనిచ్చేవారు కాదు. అలాంటిది సీసాలో పట్టి, కాంపౌండర్లు తిరిగే గదిలో బల్ల మీద పెట్టడమా? అమ్మ నన్ను గోడ చాటుకు తీసుకెళ్లింది.

"చిన్నపిల్లవి, నీకేం సిగ్గు? నువ్వు పోసియ్యి తల్లీ. మీ నాయనకు చెప్పమాక."

పోసిచ్చాను. అమ్మకు సాయం చేశానని లోపల్లోపల గర్వపడ్డాను కూడా.

రాగిరేకు ఎర్రగానే ఉండిపోయింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అయినా మానేస్తేనే మంచిదని మళ్లీ చెప్పింది. నాయన వింటేగా. అమ్మ ఇంకో నెల భస్మం తిన్నది. తేనె సీసా అందించింది నేనే.

రెండోసారి అమ్మను మంచం మీద మోసుకుని రైలు దాకా తీసుకెళ్లారు. అప్పటికి ఆమెకు మూత్రమే సరిగా రావడం లేదు. అక్క తెర కట్టి, వచ్చిన కాస్తా తనే పట్టింది. ఈసారి రేకు తెల్లగా బయటికి వచ్చింది. అది చూసి నేను వెక్కివెక్కి ఏడ్చాను. అక్క నా పక్కన కూర్చుని, "ఆ పొద్దు పోసింది ఎవరమ్మా?" అని మెల్లగా అడిగింది. నేను తల దించుకున్నాను.

అంతలో నాయన వచ్చాడు. "ఆ పొద్దు ఎర్రగుంటే ఇప్పుడు తెల్లగెట్ల అయింది?"

అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "నేనే సరిగ్గా చెయ్యలేదన్నా. తప్పు నాదే" అంది. నాయన నోటికొచ్చినట్లు తిట్టాడు. ఆ తిట్లన్నీ ఆమె పడింది. నాలుగో రోజు అమ్మ పోయింది.

ఒక చిన్నపిల్ల తల్లి చావును నెత్తిన పెట్టుకుని తండ్రి ఎదుట ఎట్లా పెరుగుతుందని ఆమె ఆలోచించి ఉంటుంది. ఒకరి తప్పును తన మీద వేసుకోవడం కూడా ప్రేమేనని నాకు నేర్పింది ఆమే. నేర్చుకున్నానే గానీ, నేను చేసిందేమిటి? నాయన ముసలితనంలో మంచాన పడ్డాక కూడా, "ఆ నర్సు సరిగ్గా చూసుంటే మీ అమ్మ బతికేది" అనేవాడు. నేను ఆయన కాళ్లు ఒత్తుతూ ఊఁ కొట్టేదాన్ని. ఆమె మీద ఆ నింద అట్లాగే ఉంచి నాయనను సాగనంపాను. ఇప్పటికీ ఆ తప్పునే మోస్తున్నాను.