గోపాలసామి మాస్టరు బుధవారాలు

ఏ పనినైనా ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేయిస్తే తప్ప అసలుగా చేయనివ్వకపోవడం గోపాలసామి మాస్టరు జబ్బు. ఆయన రిహార్సల్ లేకుండా చేసిన పని ఈ భూమ్మీద ఒక్కటే, పుట్టడం. అదీ తన చేతుల్లో లేకపోబట్టి.

మలేసియాలోని సుంగై పెటాని ఊళ్ళో ఒక స్కౌటు దళానికి ఆయన పెద్ద. ఆ దళంలో పిల్ల చేరితే ఇంటిల్లిపాదీ చేరినట్టే. మార్చిలో కుటుంబాలన్నీ గుడారాల్లో పడుకోవాలి. జూన్‌లో ఆటల పోటీలు. ఆగస్టు చివర మెర్దెకా అనే స్వాతంత్ర్య పండక్కి జెండాలతో ఊరేగింపు, దీపావళికి విందు, డిసెంబరులో పెద్ద క్యాంపు. ఇవి చాలవన్నట్టు ప్రతిదానికీ ముందు బుధవారం సాయంత్రం ఒక రిహార్సల్.

జబ్బుకు కారణం జనం ఎప్పుడో కనిపెట్టేశారు. రిటైరయ్యేదాకా ఆయన ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. బతుకంతా ఫైర్ డ్రిల్లులు చేయించాడు. ఒక్కసారి కూడా మంట అంటుకోలేదు. "పాపం, ఆ ఆశ తీరకుండానే ఇంటికి పంపించేసినారు. ఆ కసంతా మన మీద తీర్చుకుంటున్నాడు" అనేవాడు శరవణ్, ఒక స్కౌటు పిల్లాడి తండ్రి.

శరవణ్ భార్య పునిత తల్లిదండ్రుల సంఘానికి కార్యదర్శి. అంటే మాస్టరు బుర్రలో పుట్టిన ప్రతి పురుగూ ముందుగా కుట్టేది ఆమెనే. ఆఫీసులో పొద్దంతా చచ్చి, ట్రాఫిక్‌లో మిగతాది చచ్చి, ఆ బట్టలతోనే మైదానంలో గుడారం మేకులు కొట్టే మనిషికి కడుపు మండదా? వాళ్ళుండే కెడా రాష్ట్రంలో శుక్రవారం, శనివారం సెలవులు. మరి పనిరోజునే ఈ పీడ ఎందుకు?

"బుధవారమే ఏటికి మాస్టర్?" అని మార్చిలో అడిగింది.

"బుధవారం గాలి జెరాయ్ కొండ మీంచి వస్తాది. గుడారానికి మంచిది."

జూన్‌లో మళ్ళీ అడిగితే, "బుధవారం దోమలకి లీవు లా" అన్నాడు, చివర అక్కడి ఊతపదం తగిలించి. ఆగస్టులో కారణం శాస్త్రంలోకి ఎక్కింది. "బుధుడు తెలివిచ్చే గ్రహం అమ్మా. నీ మొగుడికి అవసరం."

ఇక ఆ రిహార్సళ్ళ సంగతి. గుడారాల రాత్రికి వాన వస్తే ఏం చెయ్యాలో నేర్పడానికి ఆయన రబ్బరు గొట్టం తెచ్చి అందరి మీదా నీళ్ళు కొట్టాడు. శరవణ్ ఆఫీసు బూట్లలో చిన్న చేపలు పెంచుకోవచ్చు. తీరా అసలు రోజున ఒక్క చుక్క పడితే ఒట్టు.

ఊరేగింపు రిహార్సలైతే చరిత్ర. అంతమందీ జెండాలు ఊపుకుంటూ, డ్రమ్ము మోగించుకుంటూ వీధిలోకి వచ్చేసరికి, మూలమీది కాఫీకొట్టు ముసలి చైనాయన పండగ సెలవు ఆ రోజే, తేదీ మరిచిపోయాననుకుని గబగబా షట్టరు దించేశాడు. లోపల నూడుల్స్ తింటున్న వాళ్ళు లోపలే ఉండిపోయారు. అసలు మెర్దెకా రోజున ఆయన మళ్ళీ మోసపోదలచుకోలేదు. కొట్టు తెరిచే ఉంచాడు.

అన్నింటికన్నా వింత, రిహార్సల్ అసలుకన్నా ఘనంగా ఉండేది. మాస్టరు భార్య రత్నావతి కోడికూర వండితే రిహార్సల్‌కే వండేది. మెడల్స్ ఇచ్చేది రిహార్సల్‌లోనే. మాస్టరు తన కొడుకు మెడకు కెమెరా తగిలించి మరీ ఫొటోలు తీయించేదీ అప్పుడే. అసలు రోజున మనిషికి ఒక బిస్కత్తు పొట్లం.

"ఇదేటి మాస్టర్, పండగ రోజున బిస్కత్తులా?" అని నిలదీసింది పునిత.

"పండగ రోజున జనం ఎలాగూ సంతోషంగా ఉంటారు. కూర దండగ."

పునిత వరస కలిపి అత్తా అని పిలిచే రత్నావతి దగ్గర మొరపెట్టుకుంది. "మీరైనా సెప్పండి అత్తా."

"నేనేటి సెప్తాను. మా పెళ్ళికి కూడా ముందు రోజు రిహార్సల్ పెట్టినాడు. తాళి దాకా వచ్చేసినాడు. నేను లేచి పారిపోబట్టి గాని, లేకపోతే పెళ్ళి ఆ రోజే అయిపోయేది."

నవంబరులో పునిత ఓపిక చచ్చిపోయింది. సంఘం కూర్చున్న రోజున లేచి నిలబడి, డిసెంబరు క్యాంపుకు రిహార్సల్ వద్దని తెగేసి చెప్పింది. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తమంటే గదిలో చేతులు తప్ప మొహాలు కనిపించలేదు. శరవణ్ రెండు చేతులూ ఎత్తాడు.

మాస్టరు గొడవ పెట్టుకుంటాడనుకున్నారు. ఆయన పెట్టుకోలేదు. బుధవారానికి కొత్త కారణమూ చెప్పలేదు. కాసేపు మీసం లాక్కుని, "పోనీ, ఒక పని సేద్దాం. అసలు క్యాంపు మానేద్దాం. రిహార్సల్ ఉంచండి" అన్నాడు.

గది పగిలేలా నవ్వారు. ఆయన నవ్వలేదు. అది పునిత చూసింది. చూసి, ఓడిపోయినవాడి మొహం అలాగే ఉంటుందిలే అనుకుంది.

క్యాంపు రిహార్సల్ ఉండాల్సిన బుధవారం సాయంత్రం ఆమె చాలా రోజుల తర్వాత స్వేచ్ఛగా ఇంటికి బయల్దేరింది. మైదానం పక్కన సిగ్నల్ పడింది. తల తిప్పి చూస్తే అటు చివర రెండు గుడారాలు. వాటి మధ్య ఈలతో గోపాలసామి మాస్టరు.

"దొంగ రిహార్సల్" అనుకుంది పునిత. కారు పక్కకు లాగి, చేతులారా పట్టుకుందామని విసవిసా నడిచింది. గోల్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి అక్కడున్నది ఎవరో తెలిసి ఆగిపోయింది.

ఒక గుడారం దగ్గర మాస్టరు, రత్నావతి, పెద్ద గిన్నెడు కోడికూర. రెండోదాని దగ్గర స్కౌటు పిల్ల ఫెలీషియా, వాళ్ళ నాన్న నికొలస్. నికొలస్ కౌలాలంపూర్ బస్సు డ్రైవరు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు, పెళ్ళికి వచ్చినట్టు.

"మిగిలినోళ్ళు ఏరీ మాస్టర్?" అంటున్నాడతను.

"ఈసారి బ్యాచీలు పెట్టినాం నికొలస్. మనది మొదటి బ్యాచీ." మాస్టరు ఈల ఊదాడు.

గుడారం నిలబెట్టే పందెం. తండ్రీకూతుళ్ళు ఒకవైపు, ముసలి దంపతులు ఒకవైపు. దేశంలో కళ్ళకు గంతలు కట్టుకుని గుడారం వేయగల మనిషి ఒకడుంటే అది గోపాలసామి మాస్టరు. అలాంటివాడు మేకును తలకిందులుగా పట్టుకుని కొడుతున్నాడు. రత్నావతి తాడు పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. ఫెలీషియా సుత్తి కింద పడేసింది.

"మాస్టర్, మీరు కావాలనే ఓడిపోతున్నారు. నాకు వద్దు ఈ ఆట."

"లేదమ్మా, నాకు వయసైపోయి..."

"నాన్న వచ్చిన రోజునే అందరూ లేరు" అని ఆ పిల్ల గుడారంలోకి దూరి కూర్చుంది. నికొలస్ ఇస్త్రీ చొక్కాతో మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూస్తూ ఏదో బతిమాలుతున్నాడు.

పునిత బుర్రలో ఏడాదంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. అసలు గుడారాల రాత్రి నికొలస్‌ను చూసిందా? ఆటల పోటీలో? ఎప్పుడూ లేదు. ఆ రోజుల్లో ఫెలీషియా తల్లితోనే వచ్చేది. అతను కనిపించిందంతా రిహార్సళ్ళలోనే. సెలవొస్తే దేశమంతా బస్సెక్కుతుంది. దేశమంతా ఎక్కితే తోలేవాడికి సెలవెక్కడిది? అతని సెలవు బుధవారం.

మాస్టరు ఆమెను చూశాడు. తప్పు చేస్తూ దొరికిపోయిన పిల్లాడిలా ఈల జేబులో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"ముందే సెప్పొచ్చు కదా మాస్టర్" అంది పునిత గొంతు తగ్గించి. "సెప్తే రామా?"

"వస్తారు. జాలిపడి వస్తారు. జాలిపడినోడు పందెంలో కావాలని ఓడిపోతాడమ్మా. నేనిప్పుడు ఓడిపోలేదా? ఆ పిల్ల ఎలా కనిపెట్టేసిందో సూడు." వెనక్కి ఒకసారి చూసుకున్నాడు. "నికొలస్‌కి కూడా తెలీదు. అన్ని దళాల్లోనూ ఇలాగే రిహార్సల్ ఉంటాదనుకుంటున్నాడు. అలాగే అనుకోనీ."

పునిత ఫోన్ తీసింది. అందరూ ఉన్న గ్రూపులో ఏం రాయాలో కాసేపు ఆలోచించి, ఇలా రాసింది: "రత్నావతి అత్త కోడికూర మిగిలిపోయింది. ముందు వచ్చినోళ్ళకే."

తర్వాత శరవణ్‌కు ఫోన్ చేసింది. "పిల్లాణ్ణి తీసుకుని మైదానానికి రా. గుడారం కూడా."

"రిహార్సల్ వద్దని నువ్వే కదా..."

"నోరు మూసుకుని రా లా. వచ్చినాక పందెం ఉంది. నువ్వు గెలవాల. గెలవకపోతే ఇంటికి రానియ్యను."

జాలికి ఎంతమంది వచ్చేవాళ్ళో తెలియదు గాని, కోడికూరకు దళమంతా వచ్చింది. చీకటి పడే లోపు మైదానం నిండా గుడారాలు, తిట్లు, తాళ్ళలో చిక్కుకున్న తండ్రులు. మాస్టరు జేబులోంచి ఈల మళ్ళీ బయటికి వచ్చింది. ఎందుకు గెలవాలో తెలియని శరవణ్ ప్రాణభయంతో మేకులు కొట్టి కొడుకుతో కలిసి మొదట గెలిచాడు. నికొలస్, ఫెలీషియా చివరినుంచి రెండో స్థానంలో వచ్చారు. వాళ్ళ వెనక మిగిలినవాళ్ళ గుడారం గాలికి ఎగిరిపోయింది గాబట్టి ఆ మాత్రమైనా దక్కింది.

ఫెలీషియా నడుం మీద చేతులు పెట్టుకుని తండ్రిని అందరి ముందూ కడిగేసింది.

"అంతా నీవల్లే నాన్నా. తాడు పట్టుకోమంటే పట్టుకుని నిలబడిపోయినావు. అంత నిదానం ఏటి?"

నికొలస్ మొహం చేటంత అయింది. చొక్కా నిండా మట్టి.

"స్పీడ్ లిమిట్ ఉంది కదమ్మా" అన్నాడు.

"ఇక్కడ పోలీసు లేడు" అని సుత్తి అతని చేతిలో పెట్టి, ఫెలీషియా రెండో పందేనికి లాక్కుపోయింది.