పెద్ద తుపాకీ గీత

మొన్న అంగలకుదురులో మా మరిది కొత్తింటి గృహప్రవేశానికి వెళ్లి, భోజనాలయ్యాక హాల్లో కూర్చుంటే, అద్దాల బీరువాలో వెండి సామాను పక్కన తళతళలాడుతూ కనిపించింది ఆ ఇత్తడి గొట్టం, తుపాకీ మందు కొలిచేది, నా ఒళ్లు భగ్గుమంది. అది చాలదన్నట్టు మరిది మనవల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, వాళ్ల పెదతాత తాగిన మైకంలో తుపాకీలో మందు ఎక్కువ పోసి చెయ్యి పేల్చుకున్నాడని నవ్వుతూ చెబుతున్నాడు. ఆ పెదతాత నా మొగుడు. కల్లు వాసనే పడని మనిషి. నాకు సంతకం తప్ప రాయడం రాదు గనక చెప్పి రాయిస్తున్నాను, నా ఈడువాళ్లు మీరైనా వినండి.

నా కాపురం కొత్తలో మా చేను అడవులదీవి పక్కన ఉండేది, వరి పాలు పోసుకునే వేళకి అడవి పందులు దిగి తొక్కేసేవి. వాటిని బెదరగొట్టడానికి మా మామగారి నాటి లైసెన్సు తుపాకులు, పెద్దదొకటి, చిన్నదొకటి, మూతిలోంచి మందు పోసి కూరేవి ఉండేవి. పెద్దదానికి పట్టే మందును చిన్నది ఓర్చుకోదు. అందుకే మా ఇంట్లో ఏ తుపాకీ కొలత దానికే తాడుతో కట్టి ఉండేది, పెద్దదానికి కొమ్ము, చిన్నదానికి వెదురు ముక్క. కట్టు విప్పినవాడే మందు పొయ్యాలి, పోసినవాడే మళ్లీ కట్టాలి, ఆ తర్వాతే ఇంకొకరి చేతికివ్వాలి.

మరిదికి అది మోటుగా తోచింది. తెనాలి వెళ్లి ఈ ఇత్తడి కొలత కొనుక్కొచ్చాడు, దానికో మర, ఏ తుపాకీకి కావాలంటే ఆ గీత దాకా తిప్పుకోవడమే.

"ఇదొక్కటి చాలు వదినా, ఆ బొంగులూ తాళ్లూ పొయ్యిలో పెట్టెయ్" అన్నాడు.

"తాడైతే చేతికి తగులుద్దిరా, మర సంగతి నువ్వే గుర్తుపెట్టుకోవాలి" అన్నారు మా ఆయన.

ఒక సాయంత్రం పందులు దిగాయని కేకలు. మరిది ఆ కొలతతో పెద్ద తుపాకీకి మందు పోసి, మర తిప్పకుండా దాంతోనే చిన్నదానికీ పోసి, కూరి, అన్న చేతికిచ్చాడు. గట్టు మీద నిలబడి కళ్లారా చూసినదాన్ని నేను. పేల్చగానే తుపాకీ గొట్టం చీలి మా ఆయన ఎడమ చేతి వేళ్లు పోయాయి. రేపల్లె ఆసుపత్రిలో పోలీసులు అడిగితే, పెళ్లి కావలసిన తమ్ముడు కేసులో ఇరుక్కుంటాడని, మందు తనే పోసుకున్నానన్నారు, నన్నూ నోరెత్తొద్దన్నారు. ఆయన పోయాక కూడా ఆ మాటకే కట్టుబడి ఉన్నాను. మరిది నిజం దాచుకుంటే దాచుకున్నాడు, కాపాడిన అన్న మీద తాగుబోతని ముద్ర వెయ్యడం ఏంటి?

"ఏమయ్యా, ఆ రోజు మందు పోసిందెవరు?" అని ఆ హాల్లోనే లేచాను.

"ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు వదినా, పిల్లలు నవ్వుకుంటారని ఏదో..."

"నవ్వులాటా నీకు? ఆ చేత్తోనే నీ పెళ్లి పందిరి రాట పాతాడయ్యా మా ఆయన! బీరువా తియ్యి."

గొట్టం అతని చేతిలోనే పెట్టించి మర తిప్పమన్నాను. తిరగలేదు. పైపైన తోమించాడు గానీ, మర చిలుము పట్టి పెద్ద తుపాకీ గీత దగ్గరే బిగుసుకుపోయి ఉంది, ఆ సాయంత్రం తర్వాత దాన్ని తిప్పిన చెయ్యి లేదు. మరిది తలొంచుకుని, "నేనే పోశాన్రా. మీ పెదతాత తాగలేదు" అన్నాడు పిల్లలతో.

తుపాకులు ఎప్పుడో స్టేషన్లో అప్పగించేశాం, ఆ చేలన్నీ ఇప్పుడు రొయ్యల చెరువులు. ఇంట్లోవాళ్ల తప్పు తన నెత్తినేసుకుని నోరు మూసుకునే మనుషులూ వెళ్లిపోయారు, వాళ్ల మంచితనం మాత్రం గృహప్రవేశాల్లో నవ్వుకోవడానికి మిగిలింది. బాపట్లలో కూతురింట నా పెట్టెలో ఆ వెదురు ముక్క తాడుతో సహా ఉంది, తాడుకు ఆయన వేసిన ముడి అలాగే ఉంది. ఇంటికి రాగానే తీసి చూశాను. నిజం చెప్పించాను గానీ, వినవలసిన మనిషి వినకుండానే పోయాడు.