నాలుగు వేళ్ల అంచు

ఆడమనిషి చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టేలోపల ఆమెకు ఏ చీర నప్పుతుందో చెప్పేవాణ్ని నేను. గద్వాలలో చీరల దుకాణాలకు కొదవ లేదు గాని, నాలాంటి కన్ను ఇంకో దుకాణంలో లేదు. వనపర్తి నుంచి, నాగర్‌కర్నూలు నుంచి పెండ్లి బట్టలకు వచ్చినవాళ్లు బస్సు దిగంగనే దుకాణం పేరు కాదు, నన్ను అడిగేవాళ్లు. "ఆ పొడుగాయన ఉన్నడా ఇయ్యాల?" అని. ఉన్నానంటేనే మెట్లెక్కేవాళ్లు. ఆరడుగుల మనిషిని. చీర మడత విప్పి, నడుముకు చుట్టి, కుచ్చిళ్లు పట్టి, కొంగు ఎడమ భుజం మీద వేసుకొని నిలబడితే దుకాణంలో మాటలు ఆగిపోయేవి. "వీడు చుట్టుకుంటే గోనెపట్ట కూడా అమ్ముడు పోతది" అని మా సేటు నలుగురిలో అనేవాడు.

ఇందులో కొంత తగ్గించుకోవాలి. బస్టాండులో నన్ను ఎవరూ అడగలేదు. సేటు ఆ మాట అన్నది ఒక్కసారే, అదీ నేను ఆలస్యంగా వచ్చిన రోజు, వెటకారంగా. కాని చీరలు నా మీద బాగుండేవి, అది నిజం. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఎనభైలు అయిపోవస్తున్న రోజులు. అప్పట్లో మా దగ్గర చీర కొనేవాళ్లు కట్టుకొని చూసేది లేదు. తెల్లగుడ్డ పరిచిన గద్దె మీద మేం మగవాళ్లం లేచి నిలబడి, మా ఒంటికి చుట్టి చూపించేవాళ్లం. వాళ్లు కింద చాప మీద కూర్చొని చూసేవాళ్లు. గద్వాల చీరంటే నడుమంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. అంచు ఎంత పెద్దదైతే చీర అంత గొప్పదని అందరి నమ్మకం. జానెడు అంచు చూపిస్తే మూరెడుది లేదా అని అడిగేవాళ్లు. నేను తీసి చుట్టుకునేవాణ్ని.

ఆ ఎండాకాలం వనపర్తి నుంచి ఒక తల్లీ బిడ్డా వచ్చారు. తల్లి కూర్చోకముందే మొదలుపెట్టింది.

"తమ్మీ, మా బిడ్డకు నౌకరి అయ్యింది. నాగర్‌కర్నూల్ల ఆడపిల్లల బడి. లెక్కల పంతులమ్మ. జర పొట్టి మా పిల్ల. దూరంకెళ్లి చూసినా పంతులమ్మ అని తెల్వాలె. గట్లాంటిది తీయి."

నేను వంగపండు రంగు చీర తీశాను. ఎర్రటి అంచు, మూరకు కొంచెం తక్కువ, నిండా జరీ. చుట్టుకొని ఒకసారి ఇటూ అటూ తిరిగాను. తల్లి మొహం వెలిగింది. బిడ్డ మాత్రం మెల్లగా అడిగింది.

"అన్నా, నేను ఒక్కసారి కట్టుకొని చూస్త."

"మడత పోతదమ్మా," అన్నాను. "నా మీద చూసినంక ఇంక చూసేదేముంది."

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా చెవులు నేనే మెలిపెట్టుకుంటాను. ఆనాడు మాత్రం అట్లాంటివే రెండు పొట్లం కట్టి పంపించి, మంచి బేరం చేశానని చాయ్ తాగాను.

ఆగస్టు వానల్లో ఇద్దరూ మళ్లీ వచ్చారు. బిడ్డ అదే చీర కట్టుకొని ఉంది. చాప మీద కూర్చోలేదు. దుకాణం నడుమ నిలబడి, "వాపసు చేయడానికి రాలే అన్నా. ఒకసారి చూడండని వచ్చిన," అంది.

చూశాను. "చీర బ్రహ్మాండంగ ఉన్నదమ్మా."

"నేను?"

నేను మళ్లీ అంచు దిక్కే చూశాను.

ఆమె చెప్పింది. చేరిన నాడు బడి అటెండరు గేటు దగ్గర ఆపి, "ఏ పాపా, బెల్లు కొట్టింది ఇనబడలేదా, ఏ క్లాసు నువ్వు" అన్నాడట. వారం తిరిగేలోపల పదో తరగతి పిల్లలు ఆమెకు అంచు టీచర్ అని పేరు పెట్టారట.

"లెక్కల్ల నాకేం తక్కువ లేదన్నా. బోర్డు దిక్కు తిరగంగనే నవ్వు మొదలైతది. నేను నా కుచ్చిళ్లు చూసుకుంట, వాళ్లు నా అంచు చూస్తరు. లెక్క ఎవ్వరం చూస్తలేం. పదో తరగతి నీకు ఆగేటట్టు లేదు, ఆరుకు పో అంటుంది పెద్ద టీచరు. దసరా సెలవులయినంక తనిఖీ ఉంది. అప్పటిదాక చూస్తరంట."

"మొహం మీద జర కోపం పెట్టుకోమంటున్న," అంది తల్లి. "పెట్టుకుంటలేదు."

"కోపం పెట్టుకుంటే ఇంక చిన్నగ కనబడుత అమ్మా," అంది బిడ్డ. తర్వాత నా వైపు తిరిగి, "మీరు ఒక్కసారి గద్దె దిగుతరా," అని అడిగింది. "ఇట్లాంటి చీరే చుట్టుకొని."

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. పైన ఆరడుగులు అని రాశాను. నేను అయిదడుగుల రెండంగుళాలు. మిగతాదంతా గద్దె. పదేండ్లు ఆ దుకాణంలో పనిచేసి, గిరాకీ ఉన్నప్పుడు ఒక్కసారి కూడా కింద నిలబడి చీర చూపించలేదు. బయటికి పోయేటప్పుడు ఎత్తు మడమల చెప్పులు వేసుకొని, అవి కనబడకుండా వెడల్పు కాళ్ల ప్యాంటు కిందికి వదిలేవాణ్ని. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకు, చెప్పులు కుట్టేవాడికి తప్ప ఊళ్లో తెలియదనుకునేవాణ్ని.

దిగాను. ఆ పంతులమ్మ తల నా చెవి దాకా వచ్చింది.

"ఓయమ్మ," అంది తల్లి. "గింతేనా తమ్మీ నువ్వు."

సేటు గల్లా దగ్గర కాగితాల్లో తల దూర్చి దగ్గాడు. ఆ దగ్గు ఏంటిదో నాకు తెలుసు. చీర చుట్టుకొని స్తంభం పక్కన ఉన్న అద్దం ముందు నిలబడ్డాను. పెబ్బేరు సంతకు బస్సులో తీసుకపోయే మేకపిల్ల గోనెసంచిలోంచి తల బయట పెట్టి చూస్తుంది చూడండి, అట్లా ఉన్నాను. ఎర్రటి అంచు మోకాళ్ల దాకా వచ్చి నన్ను అడ్డంగా రెండు ముక్కలు చేసింది. కింది ముక్క చీరది, పైన మిగిలిన కొంచెం నాది.

ఆమె సంచిలోంచి చాక్‌పీసు ముక్క తీసి, కింద నల్లబండ మీద పక్కపక్కన రెండు నిలువు గీతలు గీసింది. రెండూ ఒకే పొడుగు. ఒకదానికి అడుగున మందపు పట్టీ వేసింది. రెండోదానికి సన్నది.

"ఏది పొట్టిగ కనబడుతుంది?"

మందపు పట్టీ ఉన్నది. చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పదేండ్లు చీరలు అమ్మినవాడికి మాత్రం తెలియలేదు.

"చిన్న అంచు కావాలన్నా. నాలుగు వేళ్లు. అంచు రంగు, చీర రంగు దగ్గర దగ్గర ఉండాలె. జాకిట్ గూడ అదే రంగు. అప్పుడు కన్ను ఎక్కడ ఆగదు, పైనుంచి కింది దాక పోతది." అని నన్ను ఒకసారి చూసింది. "మీ చొక్కాకు గూడ ఇదే లెక్క. గళ్లు ఎంత పెద్దగున్నయంటే రొమ్ము మీద నాలుగే పట్టినయ్."

చిన్న అంచుది మా దుకాణంలో లేదు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ నేయరు. రెండు సందుల అవతల మాకు నేసిచ్చే పెద్దమనిషి ఇంటికి ఇద్దరినీ తీసుకపోయాను. ఆయన మగ్గం గుంటలో కూర్చొని ఉన్నాడు. విషయం విని, చేతిలో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపాడు.

"నాలుగు వేళ్లా? పట్టు మిగుల్చుకున్నడు ముసలోడు అంటరు నన్ను. పైంగ పడుగు ఒకసారి ఎక్కిస్తే ఒక్క చీరతోని అయితదా? మూడో నాలుగో దిగుతయి. కడమయి ఎవరు కట్టాలె, నువ్వా?"

"నలుగురు అడిగిండ్రు కాకా," అన్నాను. "నాగర్‌కర్నూల్ల అడుగుతనే ఉన్నరు."

అబద్ధం. అడిగింది ఒక్క ఆమె. ఆమె నా పక్కనే నిలబడి ఈ అబద్ధం వింది. ఆయన ఇంకా తల అడ్డంగానే ఊపుతున్నాడు. పక్కన ఆయన భార్య రాట్నం తిప్పుతోంది. ఆమె కూడా పొట్టి. పంతులమ్మ ఆమె దగ్గర కూర్చొని, "పెద్దమ్మా, నువ్వు ఎన్నడన్న గద్వాల చీర కట్టినవా?" అని అడిగింది.

"పెండ్లికి కట్టిన బిడ్డా. ఆయన నేసిందే." రాట్నం ఆగలేదు. "ఫొటోల ఆయన నేసిన అంచు మంచిగ పడ్డది. నేను ఎక్కడున్ననో మా అక్కనే గుర్తుపట్టలే."

ఆయన మగ్గం మీద నేస్తున్న అంచుకు నాలుగు వేళ్లు ఆనించి చూశాడు. తర్వాత ఆయన అన్నాడు, "ఈ పడుగు దిగనీ. ఏ రంగు?"

ముదురు నేరేడు రంగు అని పంతులమ్మ చెప్పింది. అంచు దానికంటే ఒక పిసరు ముదురు, చివరన సన్నటి జరీ గీత. దసరాకు ముందే మూడు చీరలు దిగాయి. ఈసారి మడత నేను విప్పలేదు. మా దుకాణం లోపలి గదిలో ఆమే కట్టుకొని వచ్చి అద్దం ముందు నిలబడింది. పొడుగైందని చెప్పను, పొడుగు ఎవరూ కారు. కాని ముందు ఆమె మొహమే చూశాను. చీర సంగతి తర్వాత గుర్తొచ్చింది.

"నడిచి చూడు," అంది తల్లి.

ఆమె నడవలేదు. బండ మీద వంగి ఏదో లెక్క గీసింది, లేచింది, మళ్లీ వంగింది. కొంగు ఒక్కసారి కూడా సర్దుకోలేదు. "చాలు," అంది.

రెండో చీర నేత ఇంటి పెద్దమ్మకే పోయింది. పెద్దాయన అడగకముందే మడిచి ఆమె ఒళ్లో పెట్టాడు. మూడోది నా అబద్ధానికి సాక్ష్యంగా అరలో ఉండిపోయింది.

తర్వాత నేను పొట్టి ఆడవాళ్లు ఎవరొచ్చినా బండ మీద రెండు గీతలు గీసి చూపించేవాణ్ని. సన్నటివాళ్లకు గంజి పెట్టిన నూలు చీరలు, ఒళ్లున్నవాళ్లకు మెత్తగా ఒంటిని పట్టుకునేవి, మెడ పొట్టిగా ఉన్నవాళ్లకు జాకిట్ మెడ కొంచెం కిందికి. ఇదంతా నేను స్వయంగా కనిపెట్టిన శాస్త్రమని చెప్పుకున్నాను. పన్నెండేండ్లు చెప్పుకున్నాను. అమరచింత నుంచి వచ్చిన ఒక దుకాణదారు నా దగ్గర కూర్చొని రాసుకొని కూడా పోయాడు. మందపు పట్టీ, సన్న పట్టీ ఆ పంతులమ్మవి. మిగతావి గిరాకీలు అద్దం ముందు తమలో తాము అనుకుంటుంటే విన్నవి.

ఆ ఏడు చలికాలంలోనే ఆమె ఇంకో ముగ్గురు టీచర్లను వెంటేసుకొని వచ్చింది. అరలో ఉన్న మూడో చీర ఆ రోజే పోయింది, నా అబద్ధం కూడా చాలామటుకు నిజమైంది. నేను ఉండబట్టలేక అడిగాను.

"తనిఖీకి వచ్చినాయన చీర చూసి ఏమన్నడమ్మా?"

"చీర చూసినట్టు లేదన్నా. వాకిట్ల నిలబడి, లోపలికి రావచ్చా టీచర్ అన్నడు. పాఠం ఎంతదాక అయ్యిందని అడిగిండు. చివరి బెంచి పిల్లను లేపి లెక్క చేయమన్నడు. చేసింది."

"పదో తరగతి?"

"నాకే ఉంది."

ఆమె వెంట వచ్చిన ముగ్గురిలో ఒకామె నిజంగానే పొడుగు. మూరెడు అంచు అడిగింది. నేను చీర తీసి గద్దె మీద లేవబోయాను. పంతులమ్మ నా వైపు చూసింది. నేను కూర్చొని, చీర ఆ పొడుగామె చేతికిచ్చి, అద్దం చూపించాను. ఆ రోజు నా ఒంటి మీద చిన్న గళ్ల చొక్కా ఉంది.

ఆనాటి నుంచి గద్దె మీద నిలబడి చీర చుట్టుకోలేదు. అంటే, దుకాణంలో మనుషులు ఉన్నప్పుడు చుట్టుకోలేదు.