మగ్గం మీద మిగిల్చిన కొస

కుంఠా నాకా వెనక, ఎవరూ తొంగిచూడని సందులో ఒక కాఫీ దుకాణం పెట్టారు. బోర్డు లేదు. ఆకుపచ్చ రేకు తలుపు తోసుకుని లోపలికి పోవాలి. మొన్నమొన్నటిదాకా అది చాదర్లు, దుప్పట్లు నేసే కారఖానా. మా పెంటప్ప కాకా ముప్పై ఒక్క ఏళ్లు అక్కడే మరమగ్గం నడిపాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి, గొంతు మాత్రం రెట్టింపయింది.

నేను ఆయన పక్కింటివాణ్ణి. ఆయన మొండితనాన్ని ఇన్నాళ్లూ ఎగతాళి చేసినవాణ్ణి కూడా.

నేతలో ఒక పద్ధతి ఉంది. పడుగు అయిపోయినా చివరి జానెడు దారాలు మగ్గం మీదే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కో పోగూ ఆ కొసకు ముడివేస్తే నేత మళ్లీ సాగుతుంది. కారఖానా మూసిన రోజు కాకా తన మగ్గం మీద ఆ కొస ఉంచి, దండం పెట్టి వచ్చాడు. పది నెలలుగా ఏ పనికి పిలిచినా ఒకటే మాట: "కొస ఉన్నది. నా మగ్గం ఇంక బతికే ఉన్నది."

ఆ పది నెలలూ ఇల్లు నడిపింది ఆయన భార్య సుందరాబాయి చుట్టిన బీడీలే. ఇప్పుడు ఆమె వేళ్లు వంగడం లేదు. కాకాకు అశోక్ చౌక్ దగ్గర తువ్వాళ్లు మడతపెట్టే పని ఒకటి దొరికింది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండులోపు వచ్చి సరే అనకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. ఆ ఉదయం ఆమె మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. "నువ్వన్న తోల్కపో తమ్మీ. నా చేతులతోని అయితలేదు."

కాకా నాతో బయలుదేరాడు గానీ కారఖానా సందు మలుపులో ఆగిపోయాడు. "ఒక్కపారి మగ్గం చూసి పోదాం. కొస ఉంటె నేను రాను. లేకుంటె నువ్వు చెప్పినట్టు వింట."

అప్పటికే పదకొండు దాటింది. ఒప్పుకోవడం నా బుద్ధితక్కువ.

లోపల ఏడు మగ్గాలు తుక్కు కింద పోయాయి. అందానికని ఒక్కటి ఉంచారు. అది కాకాదే. జనం దాని చుట్టూ కూర్చుని గుసగుసలాడుతూ కాఫీ తాగుతున్నారు. కాకా వంగి, పోగులు దూర్చే అచ్చు మీద చెయ్యి పెట్టాడు. ఒక్క పోగు లేదు.

"దారాలేవి?" అని అరిచాడు. అందరూ తిరిగి చూశారు.

దుకాణం నడిపే తృప్తి పరుగున వచ్చింది. మంచి పిల్లే. "దుమ్ము పడుతుంటె కత్తిరించినం కాకా. పారెయ్యలేదు, అగో!" అని పైకి చూపించింది. దీపాల కింద ఎరుపూ నలుపూ కుచ్చులు వేలాడుతున్నాయి. ముచ్చటగానే ఉన్నాయి.

ఆయన ముఖం చూసి ఆ పిల్ల ఒక కుచ్చు విప్పి చేతిలో పెట్టింది. కాఫీ కూడా తెచ్చింది. ఆయన కాఫీ ముట్టలేదు. కుచ్చు విడదీసి, ఒక్కో పోగూ అచ్చు సందుల్లోకి దూర్చడం మొదలుపెట్టాడు.

"కాకా, పది నిమిషాలే ఉన్నయి. కొస లేకుంటె వస్తనంటివి గదా!"

"జర ఆగు."

"మోటరు గూడ పీకేసిన్రు. ఇది ఇగ నడవది." భుజం పట్టి ఊపాను.

"నాకెరికే," అన్నాడు. ఆ గొంతు వినడానికి మొదటిసారి నేను వంగాల్సి వచ్చింది. "గని, పది నెలలు సుందరి చేతులు అరగదీయించిన. దేనికోసమని అడిగితె ఏం చెప్పాలె?"

ఆయన భుజం వదిలేశాను. ఆయన ఇంకో పోగు తీశాడు. ఫోన్ చూసుకుంటే పన్నెండు దాటి ఐదు నిమిషాలయింది.