రామక్కత్త దిగిన బావి

నా దగ్గర డైవింగ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు అండమాన్ సముద్రంలో మొదటిసారి మునిగినప్పుడు భయంతో కాళ్లు గబగబా ఆడిస్తారు. అడుగున ఇసుక లేచి నీళ్లు మసకబారతాయి. ఆ మసకలో నా ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపిస్తుంటే, నల్లమాడ దగ్గర మా ఊరి దిగుడుబావి, దాని మెట్ల మీద నిలబడి కేకలేసే రామక్కత్త గుర్తుకొస్తుంది.

రామక్కత్త మా పక్కింటావిడ. వేరుశనగ చేలలో కూలికి పోయేది. ఆమె చెల్లెలు బిందెతో నీళ్లకు దిగి ఆ బావిలోనే జారిపడి చనిపోయింది. ఆ తర్వాత రామక్కత్త పట్టుబట్టి ఈత నేర్చుకుంది. వీధిలోని ఆడపిల్లలందరికీ వీపున నీళ్లలో తేలే బెండ్లు కట్టి నీళ్లలోకి దించింది. నన్ను పంపడానికి మా నాయన ఒప్పుకోలేదు.

"ఆడపిల్లకు ఈతెందుకు రామక్కా?"

"నీళ్లు ఆడా మగా సూసి ముంచుతాయా అన్నా?"

మర్నాడు నాయనే నన్ను బావికి పంపాడు.

మొదటిరోజు నేను కాళ్లూ చేతులూ కొట్టుకుంటే బురదంతా పైకి లేచింది. "ఏమ్మే, ఎనుము మాదిరి పొర్లుతాండావు! ఆ రాతి సందులో తాబేలుండాది, సేపలుండాయి. వాటికి ఊపిరాడద్దా? కదలకుండా తేలు. నీళ్లే నిన్ను మోస్తాయి" అని గదమాయించింది. వెల్లకిలా తేలాను. కాసేపటికి బురద దిగింది, నా భయమూ దిగింది.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు వానలు ముఖం చాటేశాయి. బావిలో నీళ్లు అడుగంటి, చేపలన్నీ ఒక్కచోటికి చేరాయి. ఒక మధ్యాహ్నం ఊళ్లో కొందరు మగవాళ్లు బండలు పగలగొట్టే తూటా తెచ్చారు. అది పేలితే చచ్చిన చేపలు పైకి తేలతాయి, ఏరుకోవచ్చు. రామక్కత్త మెట్లు దిగి, చీర ఎగదోపుకుని, ఆ నీళ్ల మధ్య నిలబడింది.

"పైకి రాక్కా, తూటా యేస్తాండాం."

"రాను. యేస్తే నా మీదనే యెయ్యండి."

"ఎట్లాగూ ఎండిపోయే బాయి గదక్కా. సచ్చే సేపలే గదా?"

"సచ్చేటివి సస్తాయిలే. మీరు సంపాల్నా?"

వాళ్లు ఎండలో చాలాసేపు నిలబడి, గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఆమె పైకి వచ్చి, గట్టు మీదున్న నా భుజం మీద బరువంతా వేసి నిలబడింది. ఆ సాయంత్రమే మా ఆడపిల్లలందరి చేతా చేపల్ని, తాబేలుని బిందెల్లోకి ఎత్తించి, చేలు దాటించి, ఇంకా నీళ్లున్న ఒక తోటబావిలో వదిలించింది. దారిలోనే సగం చేపలు చచ్చాయి. తాబేలు మాత్రం నీళ్లు తగలగానే ఒక్కసారి కాళ్లు చాపి లోపలికి వెళ్లిపోయింది. మా బావి ఆ వేసవిలోనే ఎండిపోయింది.

చదువయ్యాక నేను అండమాన్‌లో డైవింగ్ నేర్పే పనిలో చేరాను. సెలవులో ఊరికి వెళితే రామక్కత్త మంచం పట్టి ఉంది. పగడపు దిబ్బల వీడియో ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసింది.

"ఆడ గూడా తూటాలేస్తారా పాపా?"

"మా దగ్గర యెయ్యరు గానీ, కొన్ని సముద్రాల్లో యేస్తారంట అత్తా."

"నువ్వుండావు గదా" అని కళ్లు మూసుకుంది. అవే నాతో ఆమె చివరి మాటలు.

శిష్యులను నీళ్లలోకి దించే ముందు నేను చెప్పే నియమాలు చాలానే ఉన్నాయి. అవన్నీ శిక్షణలో నేర్చుకున్నవి. కానీ ఎవరైనా పగడపు కొమ్మను విరవడానికి చేయి చాపితే ఆ నియమాలేవీ గుర్తుకు రావు. వెళ్లి ఆ చేతికీ పగడానికీ మధ్యలో నిలబడతాను.