రిలీవర్ వచ్చేదాకా

మా ఎదురింటి పెదనాన్న పోయారని మంగళవారం పొద్దున్న పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాన్న ఎల్లిపోనారు నాయనా" అంది, అంతే. నాకు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. నేను రాసింది ఆయన చదివి పోయారా, చదవకుండానే పోయారా? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఫోన్ పెట్టేశాక నా బుర్రలో మొదట తిరిగింది అదే.

ఆయన నాకు రక్తసంబంధి కాదు. శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్నతో పాటు భిలాయి వచ్చి, క్యాంప్ 1 అనే కార్మికుల పేటలో ఎదురెదురు ఇళ్లలో దిగి, ఉక్కు ప్లాంటులో ఫర్నేసు దగ్గర ముప్ఫై ఏళ్ల పైచిలుకు పనిచేశారు. బళ్లో హిందీ తప్ప ఇంకోటి ఎరగని నాకు తెలుగు అక్షరాలు దిద్దబెట్టింది ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవ.

ఫర్నేసు దగ్గర ఒక కట్టుబాటుంది. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవరు, వచ్చి ఎదురుగా నిలబడేదాకా మన చోటు మనం కదలకూడదు. రిటైరయినా ఆయనకది పోలేదు. పాలు పొయ్యి మీద పెట్టి పెద్దమ్మ వాకిట్లోకి వెళ్తే, ఆవిడ తిరిగొచ్చేదాకా అక్కడే కాపలా. కుర్రతనంలో కార్మికుల ఫుట్‌బాల్ క్లబ్బుకి గోల్‌కీపరు కూడాను. "రిలీవర్ రాకండా సీటు ఒగ్గీసినోడు మనిషేటిరా!" అనేవారు.

గొడవంతా ఆ క్లబ్బు గురించే. అది ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారులో ఒక క్లబ్బూ, మా క్యాంపులో ఒక క్లబ్బూ, దానికి వారసులం మేమంటే మేమంటున్నాయి. ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో మాత్రం, వారసులు సెక్టారువాళ్లే, క్యాంపు జట్టుకి ఏ సంబంధమూ లేదని రాసి ఉంది. అది చదివి పెదనాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పాత క్లబ్బు గోలు వలని తన చేతుల్తో క్యాంపు జట్టుకి అప్పగించిన మనిషి మరి.

"వల ఎవుల సేతిలో ఎట్టేనో నాకు తెల్దేటి?"

"అచ్చులో ఉన్న ఆధారం కావాలట పెదనాన్నా."

"నేను బతికే ఉన్నాను కదా, నన్నడగమను!"

నా ఖాతా నా అసలు పేరుతోనే ఉంది. అందులోంచి సరిదిద్దాను. అక్కడ రాసే మిగతావాళ్లు తీసేశారు. మళ్లీ పెట్టాను, మళ్లీ తీసేశారు. ఒక్క రోజులో నాలుగుసార్లయ్యేసరికి, ఆ సైటు నిర్వాహకులు మూడు రోజులు రాయకుండా నన్ను ఆపేశారు. ఊరుకుంటే సరిపోయేది. మర్నాడు చూద్దును కదా, పేజీలో మా మాట మళ్లీ ఉంది! పరుగున ఎదురింటికి వెళ్లాను. తనకంటూ కొత్త ఖాతా తెరిచి, కంప్యూటర్ ముందు భూతద్దం పట్టుకుని పెదనాన్న, ముఖం వెలిగిపోతూ.

"ఏటలా సూస్తావు? నిన్ను కూకోబెట్టీసినారు గదా. నీ రిలీవర్ని నేనే. డ్యూటీ ఎక్కీసినాను."

ఆయనకి నెట్ మా ఇంటి వైఫైలోంచే. నిర్వాహకుల లెక్కలో ఇద్దరమూ ఒక్కడే. సాయంత్రానికల్లా రెండు ఖాతాలూ శాశ్వతంగా బంద్. దొంగ ఖాతా నడిపాడని నా పేరు పక్కన, లోకమంతా చూసేలా రాసిపెట్టారు. నేను దుర్గ్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. ఏ విద్యార్థి తండ్రో నా పేరు వెతికితే? "సర్, ఆఫీస్ మే బులా రహే హైఁ" అని, ఆఫీసులో పిలుస్తున్నారని ప్యూన్ వస్తే చాలు, ఉద్యోగం పోయిందనే అనుకునేవాణ్ణి. ఆ భయంలోనే, బంద్ అయిన ఖాతాకీ రాసుకోనిచ్చే ఒక్క పేజీలో అప్పీలు రాశాను. 'ఆ రెండో మనిషెవరో నాకు తెలియదు. నా వైఫై వాడుకున్నట్టున్నాడు.'

అప్పీలు అందరికీ కనబడుతుందని పంపాక తట్టింది. అది మొదలు ఆయన భూతద్దం చూస్తేనే దడ. ఆయనేమో ఎప్పటిలాగే "టీ తాగుతావేటిరా?" అని గుమ్మంలోంచి కేకేసేవారు. ఒకరోజు టీ తాగుతూ ఉన్నట్టుండి అన్నారు, "బయపడినోడి సేతికి లాగ్‌బుక్ ఇయ్యకూడదురా. మీటరు సూడకండా రాసీస్తాడు." ప్లాంటులో మీటరు అంకెలెక్కించే పుస్తకం గురించి, ఏదో పాత డ్యూటీ సంగతి అనుకున్నాను, అలా అయితే బాగుండునని అనుకున్నాను, ఇంటికొచ్చేశాను.

ఆ వారంలోనే ఆయన్ని ఛాతీ నొప్పితో ఆసుపత్రిలో చేర్చారు. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ కమలాపండ్లు బల్లమీద పెట్టి వచ్చేశాను. తర్వాత ఆ ఫోను.

మూడోనాడు పెద్దమ్మ పిలిచింది. "బాబూ, ఆసుపత్రికెల్తా ఈ కంప్యూటర్ ఆపీయొద్దన్నారు. నువ్వొస్తావట, నీకప్పగించాలట. నాకేటి తెలుసు? తుడవడానికీ బయమేసి ముట్టుకోనేదు."

మౌస్ కదిపాను. తెర వెలిగింది. ఆయన ఖాతా, ఆయన పెట్టిన అప్పీలు. తేదీ ఆసుపత్రిలో చేరిన రోజుదే. లాగ్‌బుక్కులో రాసే పొట్టి పొట్టి ఇంగ్లీషులో రాశారు. 'తప్పు నాదే. ఆ మాస్టారు నాకు తెలియదు. అడగకుండా అతని వైఫై వాడుకున్నాను. అతన్ని వదిలెయ్యండి.'

చదివారన్నమాట. నేను ఆయన్నెరగనన్న సంగతి చదివి, ఆ తర్వాతే నాకు టీ ఇచ్చారు. ముప్ఫై ఏళ్లు మీటరు చూడకుండా ఒక్క అంకె వెయ్యని మనిషి, నా భయం తీర్చడానికి ఆఖరి రాతగా ఒక అబద్ధం రాసి వెళ్లారు. అయ్యో పెదనాన్నా! అప్పుడు ఏడ్చాను, ఆ కుర్చీ పట్టుకుని.

నోరు మూసుకుంటే నా పేరు కడిగినట్టే. నిజం చెబితే రెండు అబద్ధాలూ బయటపడతాయి, ఆ మచ్చ ఇక పోకపోవచ్చు. కోచింగ్ సెంటర్ ఏమంటుందో తెలీదు. ఇప్పుడు ఇది రాస్తున్నా ఆ భయం ఉంది.

ఆయన కుర్చీలో కూర్చున్నాను. భూతద్దం పక్కకి జరిపి, ఆయన ఖాతా మూసి, నాది తెరిచాను. ఒక ముక్క రాసి చెరిపేశాను. మళ్లీ మొదలుపెట్టాను. మొదటి వాక్యం, 'ఆయన నాకు తెలుసు.'

వంటింట్లోంచి పెద్దమ్మ అడిగింది, "అయిపోనాదా నాయనా? ఇంక ఆపీమంటావేటి?"

"ఇంకా లేదు పెద్దమ్మా" అన్నాను. పంపినట్టు తెర మీద కనబడేదాకా ఆ కుర్చీ వదల్లేదు.